మేడే పుట్టిల్లు రష్యా కాదు

సంపాదకులకు,

మేడే వచ్చిందంటే చాలు, అదంతా రష్యా వాళ్ల పండగండీ అని తీసిపారేసేవాళ్లు ఎవరో ఒకరు తగులుతారు. ఎర్రజెండాలు చూసి అలా అనుకుంటారేమో గానీ, దాని పుట్టిల్లు అమెరికా. రోజుకు ఎనిమిది గంటలే పని చేస్తామంటూ 1886 మే 1న అక్కడ లక్షల మంది సమ్మెకు దిగారు. మూడు రోజుల తర్వాత షికాగో హేమార్కెట్ కూడలిలో కార్మికుల సభ చివరికొచ్చి, జనం చాలామంది ఇళ్లకు వెళ్లిపోయాక పోలీసులు వచ్చిపడ్డారు, ఎవరో బాంబు విసిరారు. ఎవరన్నది ఈనాటికీ తేలలేదు, కానీ మరుసటి ఏడాది ఆ కేసులో నలుగుర్ని ఉరి తీశారు. 1893లో ఆ రాష్ట్ర గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ ఆ విచారణే అన్యాయమని చెప్పి జైల్లో మిగిలిన ముగ్గుర్ని వదిలేశాడు (పోయినవాళ్లకు ఏం ఒరిగిందో!). 1889లో పారిస్‌లో చేరిన సోషలిస్టులు మే 1ని ప్రపంచమంతటికీ ఖాయం చేశారు.

అమెరికా మాత్రం కార్మిక దినాన్ని సెప్టెంబర్ మొదటి సోమవారం జరుపుకుంటుంది. అదేమీ గాల్లోంచి తెచ్చిన తేదీ కాదు, 1882 సెప్టెంబర్ 5న న్యూయార్క్ కార్మికులు తీసిన ఊరేగింపే దానికి మూలం. అయితే 1894 జూన్ 28న ఆ సెలవు చట్టం మీద సంతకం పెట్టిన ప్రెసిడెంట్ క్లీవ్‌లాండ్, వారం తిరక్కుండానే పుల్‌మన్ రైల్వే సమ్మెను అణచడానికి షికాగోకి సైన్యాన్ని పంపాడు. హేమార్కెట్‌ని గుర్తుచేసే మే 1 జోలికి ఎందుకు పోలేదో వేరే చెప్పాలా?

ఆస్ట్రేలియాది ఇంకో తంతు, రాష్ట్రాన్ని బట్టి మార్చిలో, మేలో, అక్టోబర్‌లో వస్తుంది. మెల్‌బోర్న్ తాపీమేస్త్రీలు 1856లోనే పని ఆపేసి ఎనిమిది గంటలు సాధించుకున్నారు కాబట్టి షికాగో తేదీ కోసం వాళ్లు ఎదురుచూడలేదు.

నాకు వీళ్లందరికంటే నచ్చే మనిషి న్యూజిలాండ్ వడ్రంగి శామ్యూల్ పార్నెల్. 1840లో వెల్లింగ్టన్‌లో ఒక వ్యాపారి పని ఇస్తానంటే, రోజుకు ఎనిమిది గంటలైతేనే చేస్తా, మిగతా పదహారులో సగం నిద్రకి, సగం నాకు అన్నాడట. లండన్‌లో ఇలా కుదరదే అని ఆ వ్యాపారి గొణిగితే, ఇది లండన్ కాదు కదా అని జవాబు. వడ్రంగులు దొరకని రోజులు, ఒప్పుకోక చస్తాడా! అక్కడ 1890 అక్టోబర్ 28న మొదటి కార్మిక దినం జరిగితే, ఎనభై ఏళ్ల పార్నెల్‌ని బండిలో కూర్చోబెట్టి ఊరేగించారు. డిసెంబర్‌లో పోయాడు.

వచ్చే మే 1న షికాగో కథతో పాటు ఈయన గురించీ నాలుగు ముక్కలు వేయండి.

– ఒక పాఠకుడు