యాక్సిలరేటెడ్ మాస్టర్స్‌కు అప్లై చేసే ముందు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ యాక్సిలరేటెడ్ మాస్టర్స్ చూస్తున్నోళ్లు ఇది చదవండప్పా. అమెరికాలో మాస్టర్స్ అంటే సాధారణంగా 30 లేదా అంతకంటే ఎక్కువ క్రెడిట్లు (సబ్జెక్టులకు ఇచ్చే పాయింట్లు), రెండేళ్ల చదువు. ఇందులో దాన్ని దాదాపు ఏడాదికి కుదిస్తారు. ఎండాకాలమూ క్లాసులే ఉంటాయి కాబట్టి ఇంటర్న్‌షిప్‌కు సందు దొరకడం కష్టం. అది ఆలోచించుకోండి.

‘4+1’ (నాలుగేళ్ల డిగ్రీ, దాని మీద ఏడాది మాస్టర్స్) అని కనిపిస్తే ఆగండి. అవి ఎక్కువగా ఆ యూనివర్సిటీలోనే డిగ్రీ చదివే పిల్లలకు. ముందు మెయిల్ పెట్టి అడగండి, తర్వాతే అప్లికేషన్ ఫీజు కట్టండి. కట్టినాక మామూలుగా తిరిగి రాదు, మన ఇండ్లల్లో అది చెనిక్కాయ అమ్మిన డబ్బు.

అనంతపురం జేఎన్‌టీయూ ట్రాన్స్‌క్రిప్ట్‌లకు (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల రికార్డు) ఇప్పుడే పెట్టుకోండి. నేను చివరి దాకా ఆగి చాలా భయపడినా. ఎస్ఓపీలు (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) రాసినోళ్లు నాకు పంపండి, ఆదివారం కూర్చుని ఒక్కొక్కటీ చదువుతా.