పొట్టి మాటల వాడకం గురించి సభ్యులకు మనవి

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

ఒడిశాలోని మన పర్లాకిమిడి తెలుగు వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషు పొట్టి మాటలు ఎక్కువవుతున్నందున, వాటి అర్థం తెలియని పెద్దలు కొందరు వివరణ కోరారు. ‘ఎల్‌ఓఎల్’ అంటే గట్టిగా నవ్వుతున్నానని, ‘బీఆర్‌బీ’ అంటే ఇప్పుడే వస్తానని, ‘ఐఎంఓ’ అంటే నా అభిప్రాయంలో అని అర్థం. ‘డీఎం చేయండి’ అన్నారని, డీఎం అంటే జిల్లా మేజిస్ట్రేటు అనుకుని కలెక్టరు ఆఫీసుకు వెళ్లనక్కరలేదు. గ్రూపులో కాకుండా ఆ వ్యక్తికే విడిగా సందేశం పంపమని భావం.

ఇదంతా ఈనాటి పిల్లల చిలిపితనమే అనుకోవద్దు. 1917లో బ్రిటిష్ అడ్మిరల్ ఫిషర్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంలోనే ‘ఓఎంజీ’ (ఓ మై గాడ్, అంటే అయ్యో దేవుడా) ఉంది. తరువాతి కాలంలో ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 మాత్రమే పట్టడం, తెలుగు లిపిలోనైతే ఆ పరిమితి 70కే పడిపోవడం వల్ల, కుదించి రాయడం అవసరమైంది. వాట్సాప్‌లో ఆ ఇబ్బంది లేకపోయినా అలవాటు మిగిలింది.

ఒడియా మాధ్యమంలో చదివిన మన పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాయడాన్ని తప్పుపట్టకండి. అసలు రాయడమే మేలు. అయితే ఎవరైనా కాలం చేసినప్పుడు ‘ఆర్‌ఐపీ’ (ఆత్మకు శాంతి కలగాలి) అని మూడక్షరాలు పడేయడం మాత్రం బాగుండదు, కనీసం ఒక పూర్తి వాక్యం రాయండి. సమావేశాల తేదీ, వేళ, స్థలం, చందా వివరాలను ఏమాత్రం కుదించకుండా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము. ‘ఓకే’కు బదులు ‘కె’ అనే ఒంటి అక్షరపు జవాబును విసుగుగా భావించేవారూ ఉన్నారు కనుక ‘సరే’ అని రాస్తే సరిపోతుంది.

ఇట్లు,
గ్రూపు నిర్వాహకులు