క్యాపుకు వారంటీ ఉంది, అరగదీసిన పంటికి?

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, చిత్తూరుల్లో పళ్ల ఆస్పత్రుల బోర్డుల మీద ‘జిర్కోనియా క్యాపు, 10 ఏళ్ల వారంటీ’ లాంటి మాటలు మామూలైపోయాయి. జిర్కోనియా అంటే పంటి రంగులో ఉండే గట్టి సిరామిక్. ఆ వారంటీ కార్డు వర్తించేది క్యాపుకే. దాని కింద పన్నును ఎలా అరగదీశారన్నదానికి ఏ కంపెనీ పూచీ పడదు. ఊడిపోయే, పగిలిపోయే, చిగురు వాచే క్యాపుల్లో చాలావాటి జాతకం పన్ను అరగదీసే (గ్రైండింగ్) రోజే తేలిపోతుంది. నింద మాత్రం క్యాపు తయారుచేసే ల్యాబు మీదకు పోతుంది.

క్యాపును పట్టి ఉంచేది సిమెంటు ఒక్కటే కాదు. అరగదీసిన పంటి ఎదురెదురు గోడలు ఎంత నిటారుగా ఉన్నాయి, ఎంత ఎత్తు మిగిలాయి అన్నది అంతకన్నా ముఖ్యం. రెండు గోడల వాలు కలిపి 6 డిగ్రీలు ఉండాలని కాలేజీలో చెబుతారు. నోట్లో అది కుదిరేది తక్కువ. 10 నుంచి 20 డిగ్రీల లోపు ఉండి, పెద్ద దవడ పంటికి కనీసం 4 మిల్లీమీటర్లు, మిగతావాటికి 3 మిల్లీమీటర్ల ఎత్తు మిగిలితే పనికొస్తుంది. పొట్టి పన్ను, పైగా 25 డిగ్రీల వాలు అంటే గరాటు మీద గరాటు బోర్లించినట్టే, మురుకు కొరికితే చాలు జారుతుంది. అసలు ఈ వాలు ఎక్కడి నుంచి వస్తుంది? పన్ను అరగదీసే, కొన సన్నగా ఉండే డయమండ్ బర్‌కే ఒక్కో వైపు 3 డిగ్రీల దాకా వాలు ఉంటుంది. దాన్ని కదలకుండా నిలువుగా పట్టి పంటి చుట్టూ తిప్పితే కావలసినంత వాలు దానంతటదే పడుతుంది. ఇంకాస్త ఇద్దామని చేయి వంచితేనే చెడుతుంది. చివరి దవడ పంటి దగ్గర నోరు చాలినంత తెరుచుకోక, బర్ తిప్పే హ్యాండ్‌పీస్ ఒరిగిపోతుంది. కింది దవడ పళ్లు నాలుక వైపు కాస్త వాలి ఉంటాయి, బర్‌ను ఆ పంటి నిలువుకే సరిచూసుకోవాలి. అయిందనుకున్నాక ఒక కన్ను మూసి అద్దంలో చూడాలి. చుట్టూ అంచు ఒకేసారి కనిపించాలి. రెండు కళ్లతో చూస్తే అండర్‌కట్ (గోడ లోపలికి వంగి క్యాపు దిగకుండా అడ్డుపడే చోటు) ఉన్నా లేనట్టే అనిపిస్తుంది.

పొట్టి పంటికి పక్కల గాడి తీయడం మంచి ఉపాయం. ‘గట్టిగా అతుక్కునే రెజిన్ సిమెంటు ఉందిలే’ అన్న ధీమా మాత్రం వద్దు. జిర్కోనియా, యాసిడ్‌తో గరుకు చేసే ఎచింగ్‌కు లొంగదు, క్యాపు లోపల సన్నటి పొడి చిమ్మి శాండ్‌బ్లాస్ట్ చేసి సిమెంటు అంటుకునేలా తగిన ప్రైమర్ రాస్తేనే పట్టు.

పంటి పైభాగం కంటి అంచనాతో తీస్తేనే అసలు తంటా. క్యాపు పట్టడానికి ఎదుటి పంటితో మధ్య జిర్కోనియాకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు, గాజు లాంటి సిరామిక్ అయిన లిథియం డైసిలికేట్‌కు 1.5 నుంచి 2, మెటల్ మీద పింగాణీ క్యాపుకు నమిలే గుబ్బల మీద 2 దాకా చోటు కావాలి. కొన మందం తెలిసిన బర్‌తో ముందు లోతు తెలిపే గాడులు తీసి, తర్వాత వాటిని కలపాలి. పై పళ్లలో అంగిలి వైపు, కింది పళ్లలో చెంప వైపు గుబ్బల బయటి వాలు తరచూ అలాగే మిగిలిపోతుంది. గ్రైండింగ్‌కు ముందే పుట్టీ (మెత్తటి ముద్ద) అచ్చు తీసి అడ్డంగా కోసి పెట్టుకుంటే, తర్వాత దాన్ని ఆనించి ఎక్కడ ఎంత పోయిందో చూడొచ్చు. మెత్తటి మైనం కొరికించి గేజ్‌తో మందం కొలవడం ఇంకా తేలిక. దవడ పక్కకు జరిపించి కూడా కొలవాలి. చోటు చాలకపోతే అతికించే రోజు ‘ఎత్తుగా ఉంది డాక్టర్’ అంటారు, క్యాపును అక్కడే అరగదీస్తారు, పలచబడిన చోట అది పగులుతుంది.

అంచు దగ్గర బర్ కొనలో సగమే పంటిలోకి దిగాలి. సగం దాటితే బయట ఆధారంలేని పెదవి లాంటి సన్నటి అంచు లేస్తుంది. అది అచ్చులో సరిగ్గా పడదు, పడినా తర్వాత విరిగి అక్కడ సందు మిగులుతుంది. 120 మైక్రాన్లు (0.12 మిల్లీమీటరు) దాటిన సందు పనికిరాదన్నది 1971 నుంచీ వాడుకలో ఉన్న లెక్క. అంచును చిగురు లోపలికి దింపాల్సి వస్తే అర మిల్లీమీటరు చాలు. ఇంకా లోతుకు పోతే ఆ చిగురు ఎర్రబారి, బ్రష్ తగిలినప్పుడల్లా రక్తం కారుతుంది. మూలలు పదునుగా వదలొద్దు. క్యాపు చెక్కే మెషీన్ బర్ అంత సన్నటి మూలలోకి దూరలేదు, అందుకని లోపల ఎక్కువ చెక్కేస్తుంది, క్యాపు వదులవుతుంది. అచ్చుకు బదులు నోటిని కొలిచే స్కానర్ కొన్నామని మురిసిపోయేవాళ్లు ఇది గమనించాలి.

నరం బతికున్న పంటికి అరిగిపోయిన బర్ వాడితే గట్టిగా నొక్కాల్సి వస్తుంది, వేడి పుడుతుంది. 1965లో జాక్, కోహెన్ కోతుల పళ్ల మీద చేసిన ప్రయోగంలో పంటి లోపల 5.5 డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగితే దాదాపు 15 శాతం పళ్లలో నరం చచ్చిపోయింది. మత్తులో పేషెంటుకు ఏమీ తెలియదు. నీటి ధార సరిగ్గా బర్ కొన మీద పడుతోందా అని చూసుకోవాల్సింది డాక్టరే.

శ్రీకాళహస్తి నుంచో పీలేరు నుంచో వచ్చి ‘సాయంత్రం బస్సుంది, త్వరగా కానివ్వండి’ అనేవారికి ఒక మాట. మైనం కొలతకు పట్టేది రెండు నిమిషాలే, చూశారా అని అడగండి. ల్యాబులవాళ్లకు ఇంకో మాట. అచ్చులో చోటు చాలకపోతే ఎదుటి పన్నును గుట్టుగా గీకేసి క్యాపు పంపకండి. ‘ఇక్కడ 0.7 మిల్లీమీటర్లే ఉంది’ అని చీటీ రాసి అచ్చు వెనక్కి పంపండి. డాక్టర్లు ఆ చీటీ చూసి చిరాకు పడకుండా పేషెంటును ఇంకోసారి పిలిపించాలి.

ఇట్లు,
ఒక దంత వైద్యుడు, తిరుపతి