పాత జిల్లా పేరు చెరిపేయకండి

సంపాదకుల వారికి,

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఫోన్ మ్యాపుల్లో మన ఊళ్ల వివరాలు మారాయి. మారాల్సిందే. కానీ పాత వివరం ఆనవాలు లేకుండా పోతోంది, అదే బాధ.

పార్వతీపురాన్నే తీసుకోండి. 1950 దాకా విశాఖపట్నం జిల్లా, తర్వాత శ్రీకాకుళం, 1979లో విజయనగరం, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇచ్ఛాపురం 1936 దాకా గంజాం జిల్లాలోది. తాతల నాటి దస్తావేజులో గంజాం అని చూసి మ్యాపులో వెతికితే ఒడిశాలో తేలతాం. పాత ఇంగ్లిషు కాగితాల్లో చికకోల్ అంటే శ్రీకాకుళమేనని నేటి పిల్లలకు ఎవరు చెప్పాలి?

దీనికి మార్గం ఉంది. ఊరికి ఒకే నమోదు ఉంచి, దాని కింద ప్రతి పేరు, ప్రతి జిల్లా ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకానో రాయడం. ఎవరైనా రాయగల ఉచిత సమాచార నిధి వికీడేటాలో ఆ వీలు ఇప్పటికే ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి గీసే ఉచిత మ్యాపు) ఇవాళ నేల మీద ఉన్నవాటికే. కూలిపోయిన కోటలు, పోయిన హద్దులు తేదీలతో సహా పెట్టడానికి ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ వేరే ఉంది.

తేదీ లేకపోతే ఏమవుతుందో బొబ్బిలిలో చూడొచ్చు. 1757 జనవరి 24న యుద్ధం జరిగిన కోట ఇప్పుడు లేదు, గుర్తుగా స్మారక స్తంభం నిలిపారు. నేడు కనిపించే కోట ఆ తర్వాత కట్టింది. మ్యాపులో ఉత్త ‘బొబ్బిలి కోట’ అని ఉంటే, తాండ్ర పాపారాయుడు పోరాడింది ఈ గోడల మధ్యే అనుకుని జనం సెల్ఫీలు దిగుతారు. దిగనివ్వండి, అది తప్పేం కాదు. కట్టిన కాలం కూడా పక్కన ఉంటే చాలు.

సరుబుజ్జిలి మండలం దంతవరపుకోటది మరో చిక్కు. కళింగుల పాత రాజధాని దంతపురం ఇదేనని కొందరు చరిత్రకారులు, కాదు ఒడిశాలోని పాలూరని మరికొందరు. ‘దంతపురం’ అని ఒక పిన్ గుచ్చేస్తే ఆ వాదన తేలిపోయినట్టే అవుతుంది. అది అభిప్రాయమనీ, ఇంకో అభిప్రాయం కూడా ఉందనీ నమోదులోనే కనబడాలి. పైగా మట్టికోటకు ఒక చుక్క సరిపోదు, గోడ ఆనవాళ్ల వెంట గీత గీయాలి. అది ఊళ్లోకెళ్లి తిరిగి చూసినవాళ్లే చేయగలరు.

కాబట్టి మన జిల్లాల కలెక్టర్లకు ఒక మనవి. గ్రామాల జాబితాను పాత జిల్లా, పాత తాలూకా గడులతో సహా అందరూ వాడుకునేలా విడుదల చేయించండి. మిగతా పని డిగ్రీ కాలేజీల చరిత్ర విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు.

– ఒక పాఠకుడు, విజయనగరం