తల నొప్పెడితేనే మాత్రా?

ఒరేయ్ రాంబాబూ,

ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. "తల నొప్పెడితే బీపీ మాత్ర వేసుకుంటున్నా, లేని రోజు మానేస్తున్నా" అన్నావు చూడు, ఆ మాటకు గుండె గుభేలుమంది. ఎందుకంటే అదే పని నేనూ రెండేళ్లు చేశాను.

నా పార్శ్వపు నొప్పి, అదే మైగ్రేన్, సంగతి నీకు తెలియనిదా! హాస్టల్లో కిటికీలు మూసి, తలకు తువ్వాలు చుట్టుకుని పడుకుంటే, పరీక్ష ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నానని ఊరంతా చాటావు. అది ఇంకా మర్చిపోలేదులే. బీపీ మాత్రం నలభై ఆరో ఏట, పన్ను పీకించుకోవడానికి వెళ్తే బయటపడింది. 160/100. ఆ రోజు తల హాయిగా ఉంది! "నొప్పే లేదు, బీపీ ఎక్కడిదండీ?" అని ఆ పళ్ల డాక్టరుతో వాదన కూడా పెట్టుకున్నాను.

తర్వాత తెలిసింది, బీపీ చాలామందిలో చప్పుడు చేయదట. దానివల్లే తల నొప్పి రావాలంటే మామూలుగా 180/120 దాకా పోవాలి. మరి నొప్పి వచ్చినప్పుడు చూస్తే ఎక్కువే కనబడుతుందే అంటావు. నొప్పితో విలవిల్లాడుతుంటే ఎవరికైనా పెరుగుతుందిరా. మనం దాన్ని తిరగేసి చదువుకుంటాం.

అలాగని రెంటికీ చుట్టరికం లేదనీ కాదు. ప్రొప్రనలాల్ అని, బీపీకీ ఇచ్చే మాత్ర ఒకటుంది. గుండెనొప్పికి దాన్ని వాడుతున్నవాళ్లకు మైగ్రేన్ తగ్గడం 1966లో డాక్టర్ల కంటపడింది. అనుకోకుండా దొరికిన వరం! ఇప్పటికీ మైగ్రేన్ రాకుండా ఇస్తున్నారు. నాకు ఆయాసం ఉంది కాబట్టి అది పనికిరాదని క్యాండిసార్టన్ రాశారు. అది బీపీ మాత్రే, మైగ్రేన్‌కూ పనిచేస్తుందని 2003లో నార్వేవాళ్లు పరీక్షించి చెప్పారు. స్వామికార్యం, స్వకార్యం రెండూ అయ్యాయి. నెలకు ఆరుసార్లు వచ్చేది ఇప్పుడు రెండుసార్లు వస్తోంది. కానీ రోజూ వేసుకుంటేనే. నొప్పి లేని రోజు కూడా.

ఇంకోటి, మీ బావమరిది మందుల షాపు నుంచి తెచ్చిచ్చిన సుమాట్రిప్టాన్, అదే ఆ మైగ్రేన్ మాత్ర, పక్కన పెట్టెయ్. మంచి మందే, కానీ రక్తనాళాలను బిగిస్తుంది. బీపీ అదుపులో లేనివాళ్లకు ఇవ్వరు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా బీపీని పెంచుతాయి. పైగా నొప్పి మాత్రలు నెలలో పదిహేను రోజులు మింగితే వాటివల్లే కొత్త తలనొప్పి మొదలవుతుంది. ఎప్పుడూ లేనంత నొప్పి ఉన్నట్టుండి వచ్చినా, మాట తడబడినా, చెయ్యి చచ్చుబడినా మాత్రలు వెతుక్కుంటూ కూర్చోకు, వెంటనే ఆసుపత్రికి పో.

ఆదివారం నుంచి వారం రోజులు పొద్దున్నే, కాఫీకి ముందు, ఐదు నిమిషాలు నోరు మూసుకుని (నీకు కష్టమే) కూర్చుని బీపీ చూసుకో. నొప్పి ఉందో లేదో పక్కనే రాసి పెట్టు. ఆ కాగితం డాక్టరుకు చూపించాక, మాత్ర సంగతి ఆయన చెప్పినట్టు చెయ్.

ఆవకాయ తగ్గించమంటే చెల్లెమ్మ ఏమందో మాత్రం తప్పకుండా రాయి. మా ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.

నీ
సూరి