మాత్ర పెట్టుకున్న మర్నాడు కనిపించే తెలుపు

సంపాదకుల వారికి,

తెల్లబట్ట గురించి, యోనిలో వచ్చే ఫంగల్ ఇన్ఫెక్షన్‌కు వాడాల్సిన మందుల గురించి ఆరోగ్య పేజీల్లో తరచూ వస్తోంది. మందు వాడాక వారం పది రోజులు ఏం కనిపిస్తుందో మాత్రం ఎక్కడా రాయడం లేదు. అది తెలియకే ఎంతోమంది ఆడవాళ్లు తగ్గిపోతున్న జబ్బుకు మళ్లీ మళ్లీ మందు కొనుక్కుంటున్నారు. అత్తతోనో భర్తతోనో చెప్పుకోలేక, మళ్లీ మొదలైందని లోలోపల కుమిలిపోతున్నారు.

ఫంగస్‌ను చంపడానికి యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్ర 500 మిల్లీగ్రాములదైతే ఒక్క రాత్రి, 200దైతే మూడు రాత్రులు, 100దైతే ఆరేడు రాత్రులు వాడమంటారు. ఆ బిళ్లలో మందుతో పాటు, బిళ్ల కట్టడానికి కలిపిన పిండి లాంటి పదార్థాలూ ఉంటాయి. బిళ్ల కరిగాక అవి బయటికి రావలసిందే. పొద్దున లేచి నిలబడగానే తడిసిన సుద్దపొడిలాగా, ఒక్కోసారి చిన్న చిన్న పలుకుల్లాగా లోదుస్తులకు అంటుకుంటుంది. జబ్బులో పడిన విరిగిన పాల లాంటి తెలుపుకీ దీనికీ కంటికి పెద్ద తేడా ఉండదు. కాబట్టి చూడాల్సింది రంగును కాదు, దురదను. దురద, మంట నిన్నటి కన్నా ఇవాళ తక్కువగా ఉంటే ఆ పడేది మందే. ఆఖరి మాత్ర పెట్టుకున్న రెండు మూడు రోజుల్లో అదే ఆగిపోతుంది.

మాత్ర సగం కరిగి ముక్కలుగా పడిపోతుంటే మాత్రం పెట్టుకోవడంలోనే ఏదో తేడా ఉంది. కరగడానికి దానికి తడి కావాలి, లోతూ కావాలి. ద్వారం దగ్గరే వదిలేస్తే, లేదా పగలు పెట్టుకుని పనిలో తిరిగితే, కరగక ముందే జారిపోతుంది. పడుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, వేలు హాయిగా వెళ్లినంత లోపలికి నెట్టాలి. గర్భిణులు డాక్టరు చెప్పకుండా అప్లికేటర్ (మాత్రను లోపలికి నెట్టే గొట్టం) వాడకూడదు. ప్యాడ్ పెట్టుకోవచ్చు, టాంపాన్ (లోపల పెట్టుకునే దూది చుట్ట) మాత్రం వద్దు, అది మందును పీల్చేస్తుంది. నెలసరి వచ్చేలోపు మాత్రలు పూర్తయ్యేలా మొదలుపెడితే మంచిది. ఈ మందు కండోమ్ రబ్బరును బలహీనపరుస్తుంది, కాబట్టి వాడుతున్నన్ని రోజులూ, ఆ తర్వాత కొద్ది రోజులూ దాన్ని నమ్ముకోకూడదు. మాత్ర పెట్టిన ప్రతిసారీ మంట పెరుగుతుంటే అది మందు పడకపోవడం కావచ్చు. ఆపి డాక్టరుకు చూపించాలి.

ఫంగస్‌కే నోటితో మింగే ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర వాడిన వాళ్లకు ఈ పొడి రాదు. దురద ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది, పూర్తిగా పోవడానికి వారం పట్టొచ్చు. ఒక్క మాత్ర మూడు రోజులకు పైగా లోపలే ఉండి పనిచేస్తుంది. మర్నాడే ఇంకోటి మింగితే అదనంగా ఒరిగేదేమీ లేదు. జబ్బు ముదిరిన వాళ్లకు 72 గంటల తర్వాత రెండోది ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి. గర్భిణులు ఈ మాత్ర సొంతంగా మింగకూడదు. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు ముందే ఆ సంగతి చెప్పాలి. ఇది వాటి ప్రభావాన్ని పెంచుతుంది. షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, లేదా రక్తస్రావం కావచ్చు.

జబ్బు తగ్గాక కూడా తెలుపు పూర్తిగా ఆగిపోదు, ఆగకూడదు కూడా. అండం విడుదలయ్యే రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతుంది, నెలసరికి ముందు చిక్కబడుతుంది. గుడ్డ మీద ఆరితే లేత పసుపు మరక కడుతుంది. ఆ మరక చూసి చీము అనుకుని భయపడేవాళ్లు చాలామంది. దురద, వాసన లేకపోతే అది ఆరోగ్యమే. డెటాల్ నీళ్లతోనూ, సువాసన ద్రవాలతోనూ లోపల కడిగితే లోపల కాపలా ఉండే మంచి బ్యాక్టీరియా పోతుంది. బయట మామూలు నీళ్లు చాలు.

పల్చగా బూడిద రంగులో పడుతూ, చేపల నీచు లాంటి వాసన వస్తే అది ఫంగస్ కాదు, బ్యాక్టీరియాది. దానికి మెట్రోనిడజోల్ లాంటివి కావాలి, క్లోట్రిమజోల్ ఎన్ని పెట్టినా లాభం లేదు. పసుపు పచ్చగా నురగతో వస్తే ట్రైకోమొనాస్ (కలయికతో అంటుకునే పరాన్నజీవి) కావచ్చు. అప్పుడు భర్త కూడా మందు మింగకపోతే మళ్లీ అంటుకుంటుంది. పొత్తికడుపు నొప్పి, జ్వరం తోడైతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నెలసరి ఆగిపోయిన వాళ్లకు రక్తపు చార కనబడినా ఆలస్యం చేయకూడదు.

మందుల షాపుల్లో అజిత్రోమైసిన్ కూడా కలిపిన కిట్ చేతిలో పెట్టడం అలవాటైపోయింది. ఫంగస్ ఒక్కటే ఉన్నవాళ్లకు ఆ యాంటీబయాటిక్ మంచి బ్యాక్టీరియాను చంపి ఫంగస్‌కే దారి ఇస్తుంది. దురదకని క్లోబెటసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాయడం ఇంకా ప్రమాదం: నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది, చర్మం పల్చబడుతుంది.

ఏడాదిలో మూడు నాలుగు సార్లు వస్తుంటే మాత్రం షాపు మందు ఆపి, స్రావం కల్చర్ పరీక్ష (ఏ క్రిమి ఉందో ల్యాబ్‌లో పెంచి చూడటం), షుగర్ పరీక్ష చేయించుకోవాలి. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు మూత్రంలో చక్కెర పోతుంది, దానితో ఫంగస్ తరచూ వస్తుంది. అలాగని ఆ మాత్రను సొంతంగా మానేయకూడదు, రాసిన డాక్టరుతో చెప్పాలి.

చాలా మందు పెట్టెల్లో సూచనలు ఇంగ్లీషులోనే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటున్నాయి. కంపెనీలు తెలుగులో అచ్చువేసే దాకా, షాపుల వాళ్లు కవరు మీద పెన్నుతో మూడు ముక్కలు రాసి ఇవ్వాలని మా విన్నపం: రెండు మూడు రోజులు తెల్లగా పొడి పడుతుంది. దురద తగ్గుతుంటే మళ్లీ వాడొద్దు. వారంలో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఇట్లు,
స్త్రీల వార్డులో పనిచేసే నర్సులు,
ఖమ్మం