నేను గాల్లో ఉన్న గంటా యాభై నిమిషాలు మా నాన్నని చూసుకున్నవాళ్లకి

అందరికీ నమస్కారం. నాన్నకి పక్షవాతం వచ్చిన ఈ మూడు వారాలుగా ఎవరికి ఫోన్ చేసినా "ముందు పెద్దాయన్ని చూసుకో పైలట్, థాంక్సులు తర్వాత" అని పెట్టేస్తున్నారు. నాన్న నిన్న తన చేత్తో తానే మజ్జిగ తాగాడు. ఇక ఆగను, చెప్పేస్తాను.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక ముక్క. నేను నడిపేది టికెట్లు అమ్మే విమానం కాదు. ఒక కంపెనీది, ఎనిమిది మంది పట్టే కింగ్ ఎయిర్. 2008 మే నెలలో బెంగళూరు మామూలు విమానాలన్నీ దేవనహళ్లిలోని కొత్త ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోయినా మా బండి మాత్రం హెచ్‌ఏఎల్‌లోనే, మనమందరం ఇంకా పాత ఎయిర్‌పోర్టు అనే చోటే ఉంటుంది. ఈ ఉద్యోగంలో ఎగిరేది తక్కువ, కాచుకునేది ఎక్కువ. సార్ మీటింగు అయ్యేదాకా ఏదో ఊళ్లో కూర్చోవాలి. సూట్‌కేసులు సర్దేదీ మేమే, టిఫిన్ డబ్బాలు లెక్క చూసుకునేదీ మేమే. మా నాన్న మదనపల్లె డిపోలో 31 ఏళ్లు ఆర్టీసీ డ్రైవరు. "నీదీ స్పెషల్ బస్సే కదరా, పైగా కండక్టరు పని కూడా నీకే" అంటాడు. జక్కూరులో నేను శిక్షణలో ఉన్నప్పుడు బెంగళూరు సర్వీసు వేయించుకుని మరీ వచ్చి, కంచె అవతల నిలబడి నా ల్యాండింగులు చూసేవాడు. ఒకసారి గట్టిగా దించితే సాయంత్రం కలిసి ఒకటే మాటన్నాడు: "స్పీడ్ బ్రేకరు చూసుకోవాల."

ఆ మంగళవారం పొద్దున ఏడున్నరకి నాగపూర్‌కి బయలుదేరాం. అంతకు ఇరవై నిమిషాల ముందు నాన్న వీధి చివర పూలక్క దగ్గర అమ్మ పూజకి రెండు మూరల కనకాంబరాలు కొన్నాడు. అక్కడినుంచి నందిని పాల బూత్‌కి వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు పూలక్కకి ఇవ్వాల్సిన ఐదు రూపాయల బిళ్ల చేతిలోంచి జారింది. వంగి తీయబోయాడు, వేళ్లు పట్టలేదు. మళ్లీ తీయబోయాడు. పూలక్క నవ్వబోయి మొహం చూసిందట. "ఏంది పెద్దాయనా, మూతట్ల పోతా ఉండాది?" అని అరిచి, పూలబుట్ట అక్కడే వదిలేసి మా అపార్టుమెంటు దాకా పరిగెత్తింది.

మూడో అంతస్తు తమ్ముడు బనియన్ మీదే కారు తీశాడు. ముందు దగ్గర్లోని ఒక నర్సింగ్‌హోంకి తీసుకెళ్లారు. అక్కడ స్కానింగ్ లేదు. లేదన్న మాట చెప్పడానికి వాళ్లకి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. పేరు ఎందుకులెండి. ఆ ఇరవై ఐదు నిమిషాల్లో నేను కర్నూలు దాటి, 25,000 అడుగుల పైనుంచి కో-పైలట్‌కి కృష్ణానది చూపిస్తున్నాను.

పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకి? పక్షవాతంలో మెదడు నాళానికి గడ్డ అడ్డుపడితే కరిగించే ఇంజెక్షన్ ఉంది. కానీ అది మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి. ముందు స్కాన్ తీసి, లోపల రక్తస్రావం లేదని చూసుకున్నాకే ఇవ్వాలి. ఎప్పుడు మొదలైందో తెలియకపోతే డాక్టరైనా వెనకాడతాడు. తమ్ముడికి తెలియదు, అమ్మకి తెలియదు. పూలక్కకి ఫోన్ చేశారు. "ఏడు గంటల పది నిమిషాలకి నాతో బేరమాడినాడు, అప్పుడు బాగుండాడు" అంది. అంత కచ్చితంగా ఎలా చెప్పావని నేను తర్వాత అడిగితే, ఆ టైముకే ఎదురు బడి బస్సు వచ్చి ఆగుతుందట. అక్కా, అంతకు మించి నేనేం రాయగలను?

నా భార్య టీచరు, క్లాసులో ఫోన్ ఉండదు. రెండో అంతస్తు వదినగారు బడి ఆఫీసు నంబరు ఎలా పట్టారో పట్టారు, తొమ్మిదికల్లా నా భార్య వచ్చి సంతకం పెట్టింది. 9.20కి ఇంజెక్షన్. సరిగ్గా అప్పుడే నాగపూర్‌లో నా టైర్లు నేలని తాకాయి. ఫోన్ ఆన్ చేస్తే పద్నాలుగు మిస్డ్ కాల్స్.

డ్యూటీ ఎక్కేముందు మాచేత గొట్టంలో ఊదిస్తారు, మందు తాగామేమో చూడటానికి. మనసు ఎలా ఉందో చూసే గొట్టం లేదు, మనమే నోరు తెరిచి చెప్పాలి. తిరుగు ప్రయాణం నేను నడపలేనని సార్‌కి చెప్పాను. ఆయన వాచీ కూడా చూడలేదు, నాకు ముందు విమానంలో టికెట్ తీయమని ఆఫీసుకి ఫోన్ చేశారు. ఇద్దరు పైలట్లు లేనిదే మా బండి లేవదు కాబట్టి ఆ రాత్రి ఆయన నాగపూర్‌లోనే ఉండిపోయారు. మరునాడు సెలవులో ఉన్న కెప్టెన్ ఒకాయన హైదరాబాదు నుంచి వెళ్లి విమానాన్ని ఇంటికి చేర్చారు. ఆ రోజు ఆయన కూతురి పుట్టినరోజని నాకు ఆలస్యంగా తెలిసింది. క్షమించమ్మా, కేక్ బాకీ.

రక్తం కోసం మనం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో పట్టీ రాసేది నేనే. ఎవరిది ఏ గ్రూపు, చివరిసారి ఎప్పుడిచ్చారు, మగవాళ్లకి మూడు నెలలు, ఆడవాళ్లకి నాలుగు నెలలు నిండాయా అని. రక్తమిచ్చి వెంటనే విమానం నడపకూడదు, అందుకని నాకు ఇవ్వడం కంటే అడుక్కోవడమే ఎక్కువ. ఆ రోజు అదే గ్రూపులో "పైలట్ వాళ్ల నాన్న, అర్జెంటు" అన్న మెసేజ్ కింద ముప్పై మంది "వస్తున్నా" అని రాశారు. రక్తం అవసరం పడలేదు. అయినా పదకొండు మంది వచ్చారు. వాళ్లలో ఒకరు అమ్మకి చెప్పులు కొనుక్కొచ్చారు. ఆవిడ వట్టి కాళ్లతో కారెక్కిందని ఇంకెవరూ గమనించలేదు.

ఇప్పుడు మాట కొంచెం ముద్దగా వస్తోంది. కుడిచేతికి రబ్బరు బంతి నొక్కే వ్యాయామం ఇచ్చారు. నాన్న బంతి పక్కన పెట్టి స్టీలు పళ్లెం పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఏంటది అంటే "చింతామణి మలుపు" అన్నాడు, మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చే బస్సు దారిలోది.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా టెర్రస్ మీద భోజనం. రాగిసంగటి, ఊరిబిండి, కోడికూర. శాకాహారులకి పప్పు, వంకాయ. పూలక్కా, ఆ పూట కొట్టు దగ్గర మా అబ్బాయి కూర్చుంటాడు, నువ్వు రావాల్సిందే. ఐదు రూపాయలు తానే ఇస్తానని నాన్న విడిగా పెట్టుకున్నాడు.